ఎండబెట్టి పంపిన మట్టి

మాఘమాసం వచ్చేసరికి ల్యాబు ప్లేట్లలో ఎరుపు దాదాపు పోయింది. ఇటుక రంగులో, కొంచెం జిగురుగా పెరగవలసిన బ్యాక్టీరియా పాలిపోయి, పలచటి మీగడలా కనిపించసాగింది. ట్యూబ్‌లైటు పాతబడిందేమో అనుకుని ప్లేటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. లైటు తప్పేమీ లేదు.

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. క్లాసులు అయ్యాక యూనివర్సిటీ ల్యాబుకు వెళ్లి పరిశోధన చేసుకుంటాను. ఈ వయసులో పీహెచ్‌డీ ఏమిటని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. నా విషయం మట్టిలో ఉండే నులిపురుగులు, వాటి కడుపులో ఉండే బ్యాక్టీరియా. మిర్చి వేళ్లను పాడుచేసే రకం నులిపురుగు కాదిది. కంటికి ఆనదు. మట్టిలో వేరే పురుగులను వెతుక్కుంటూ పోయి, వాటి నోట్లో నుంచో ఊపిరి రంధ్రాల్లో నుంచో లోపలికి దూరుతుంది. దూరాక తన పేగులో మోసుకొచ్చిన బ్యాక్టీరియాను వదులుతుంది. ఇద్దరూ కలిసి ఆ పురుగును చంపుతారు. చచ్చిన ఒంటిని కుళ్లనివ్వకుండా, వేరే సూక్ష్మజీవులను దగ్గరికి రానివ్వకుండా కాపలా కాసేది బ్యాక్టీరియా. నులిపురుగు అందులోనే తిని, పిల్లలను పెడుతుంది. ఆ పిల్లలు బయటికి పోయేటప్పుడు మళ్లీ ఆ బ్యాక్టీరియాను కడుపులో పెట్టుకుని పోతాయి. చచ్చిన పురుగు ఎర్రబడుతుంది. చీకట్లో పెట్టి చూస్తే లీలగా వెలుగుతుంది.

ఈ బ్యాక్టీరియా ఎన్ని రకాలుగా ఉందో చూడడం నా పని. పైకి అన్నీ ఒకే ఎరుపు. జన్యువులోని అక్షరాలు చదివిస్తేనే ఎవరు ఎవరికి దగ్గరో, ఎవరు దూరమో తెలుస్తుంది. వరంగల్ చుట్టుపక్కల చేలలో దొరికినవన్నీ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు. ఒక్కటి మాత్రం అందరికీ దూరంగా నిలబడింది. అది నెక్కొండ అవతల ఒక మిర్చి చేనులోది.

ఆ చేను ఒకప్పుడు మాది. ఈ సంగతి ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి ఆ మట్టి తెచ్చింది విద్యార్థులు. డిపార్ట్‌మెంటు జీపు ఆ దారిన పోతుంటే, ఇక్కడ కూడా తీద్దామని వాళ్లే ఆపించారు. నేను జీపులోనే కూర్చున్నాను. ఆ చేను ఏదో నాకు తెలుసు. దిగవలసిన పని లేదనిపించింది. తర్వాత జన్యువు రీడింగులు వచ్చి, ఆ చేనుది ఒక్కటే వేరుగా ఉందని తెలిసినప్పుడు మాత్రం, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ వేళ సంతోషంగానే ఉండింది. అది ఎవరికీ చెప్పుకోదగ్గ సంతోషం కాదు.

ఇప్పుడు పాలిపోతున్నది అదే.

ల్యాబులో ఈ బ్యాక్టీరియాకు ఒక గుణం ఉంది. నులిపురుగు తోడు లేకుండా ప్లేటు నుంచి ప్లేటుకు మార్చుకుంటూ పోతే, కొన్నాళ్లకు ఎరుపు వదిలేస్తుంది, వెలుగు వదిలేస్తుంది. చావదు. తింటుంది, పెరుగుతుంది. కాని నులిపురుగు దాన్ని మళ్లీ కడుపులో పెట్టుకోదు. అట్లా మారినది తిరిగి ఎర్రబడడం నేను చూడలేదు. ముందుచూపుతో చల్లగా దాచిపెట్టిన సీసాలు కిందటి ఎండాకాలం ఫ్రీజరుతో పాటే పోయాయి. నులిపురుగులు అంతకంటే ముందే పోయాయి.

మా గైడు మేడమ్ నాకంటే చిన్నది. నన్ను సార్ అనే పిలుస్తుంది. ప్లేట్లను ఒక్కొక్కటే లైటుకు ఎత్తి చూసింది.

“సార్, రీడింగ్ మన దగ్గర ఉంది. ప్రాణం ఎక్కడ?” అంది చివరికి. “సూక్ష్మజీవులను దాచే కల్చర్ బ్యాంకులో బతికున్నది పెట్టకపోతే థీసిస్‌లో ఆ చాప్టర్ ఎవరూ ఒప్పుకోరు. తీసేయాల్సి వస్తది.”

“తీసేస్తే ఏం మిగుల్తది?”

“మిగిలింది వేరేవాళ్లు ముందే చెప్పిందే కదా సార్.”

గడువు పొడిగించడం అయిపోయింది. ఈ ఎండాకాలం లోపల థీసిస్ ఇవ్వకపోతే ఇక ఇచ్చేది లేదు.

“మిర్చి పీకి దున్నకముందే పోయి మట్టి తెచ్చుకోండి. ఎండలు ముదిరితే ఏం దొరకదు,” అంది. తెచ్చుకోండి అన్న మాట ఆమెకు ఎంత తేలికో అనుకున్నాను.

మా ఇంట్లో ఎవరికీ పొలానికి వెళ్లే అలవాటు లేదు. పొలమే మా ఇంటికి వచ్చేది. మిర్చి, కంది, పెసర, ఏదైనా సరే, ఎండబెట్టి, చెరిగి, రాయీ రప్పా ఏరి తెచ్చేవాళ్లు. మా తాత వరంగల్ మట్టెవాడ దుకాణంలో గద్దె మీద కూర్చుని పిడికెడు తీసి చూసేవాడు. చేతికి తడి తగిలితే దులిపేసుకుని అటు తిరిగేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. తెచ్చిన మనిషి మూట కట్టుకుని పోయి, మళ్లీ ఎండబెట్టుకుని వచ్చేవాడు. నాన్న కాలంలో అడ్తి వ్యాపారం పోయింది. ఆ వెనకే భూమి పోయింది. దుకాణం ముందుభాగంలో ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. వెనక గదుల్లో మేముంటాం. నాన్న చివరిదాకా, ఇంకా గద్దె మీద ఉన్నట్టే, వీపు గోడకు ఆనించి కూర్చోలేదు. నేనూ ఆనించను. దీన్ని చూసి నవ్వేవాళ్లు ఉన్నారని తెలుసు. నవ్వనీ.

ఆ చేను కొన్నది తాత కాలం నుంచి దాన్ని దున్నిన మనిషే. మిర్చి సీజను కాబట్టి మార్కెట్ యార్డుకు వస్తాడని, ఒక పొద్దున ఎనుమాములకు వెళ్లాను. ఊరికి పోవడం కంటే అదే మర్యాద అనిపించింది. యార్డులో అడుగు పెట్టగానే ఘాటుకు కళ్లు కారడం మొదలైంది. షెడ్డు కింద తన బస్తాల మీద, ముక్కుకు తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి తువ్వాలు కిందికి లాగాడు.

“ఎవలు, చిన్నసేటా! మల్ల యార్డుకు వచ్చినవ్! అడ్తి పెడ్తానవా ఏంది?”

పక్క బస్తాల మీదివాళ్లు నవ్వారు. నేను నిలబడే ఉన్నాను.

“మట్టి కావాలె. నీ మిర్చి చేనుది. వేళ్ల దగ్గరిది, కొంచెం.”

“మట్టా?” అతని ముఖంలో నవ్వు ఆగింది. “మట్టి ఎందుకు సేటు? భూమి మీద కేసు గిట్ల ఏస్తానవా?”

“కాలేజీ పని. పరీక్ష చెయ్యాలె.”

“గట్ల చెప్పరాదు! పాణం గుంజిపోయింది.” మళ్లీ నవ్వాడు. “ఎంత గావాలె?”

“ఒక సంచెడు.”

“నువ్వొస్తవా, నన్ను పంపమంటవా?”

“పంపు,” అన్నాను.

“పంపుత. ఫికర్ చెయ్యకు. మీ ఇంటికి పంపుడు మాకు కొత్తనా?”

ఎట్లా పంపాలో నేను చెప్పలేదు. మా ఇంటికి ఏదైనా ఎట్లా రావాలో అతనికి చెప్పవలసిన అవసరం ఎప్పుడూ పడలేదు.

వారం తిరక్కముందే మూట వచ్చింది. మిర్చి బస్తాలతో వచ్చిన ట్రాలీ ఆటోవాడు మా ఇంటి ముందు దించిపోయాడు. కొత్త తెల్లగుడ్డ. నాలుగు కొసలూ కలిపి కట్టి, ముడి మీద పసుపు రాశారు. ఇంట్లో విప్పకుండా అట్లాగే ల్యాబుకు తీసుకెళ్లాను. మేడమ్ కూడా వచ్చి నిలబడింది. ముడి విప్పాం.

పిండిలా ఉంది. ఒక్క గడ్డ లేదు, వేరు లేదు, రాయి లేదు. బండ మీద పలచగా పోసి, ఎండలో బాగా ఎండనిచ్చి, సన్న జల్లెడ పట్టిన మట్టి. వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. ఆ నులిపురుగులు బతకడానికి కావలసింది తడి. ఎండలో అరపూట ఉంచితే చాలు, ఏదీ మిగలదు.

మేడమ్ నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది.

“ఎవరు సార్ ఇంత మంచిగ చేసి పంపింది?”

“తెలిసినవాళ్లు.”

“పాపం, ఎంత కష్టపడ్డరో.”

అతను చేసింది తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. తడిమట్టి పంపితే మా తాత ముఖం తిప్పుకునేవాడు. అతను నా ముఖం తిప్పించకుండా చూసుకున్నాడు.

అయినా దింపుడుకళ్లం ఆశ ఒకటి ఉంటుంది కదా. ఆ మట్టిని డబ్బాల్లో పోసి, నీళ్లు చిలకరించి, మైనపు పురుగులు వదిలాను. తేనెపట్టును తినే తెల్లటి పురుగులవి. మట్టిలో నులిపురుగు ఉందో లేదో చెప్పేది అవే. ఉంటే చస్తాయి. వాటి కోసం ల్యాబులోనే తౌడు, తేనె కలిపి పెంచుతాను. రోజూ మూత తీసి చూశాను. చావవలసినవి తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత మూలల్లోకి చేరి దారం తీసి గూళ్లు కట్టుకున్నాయి. ఒక సాయంత్రం మూత తీస్తే బూడిదరంగు రెక్కల పురుగు ఎగిరి నా అద్దాల మీద వాలింది. డబ్బాలు కడిగి బోర్లించాను.

ఆదివారం వరంగల్‌లో పొద్దుటి ప్యాసింజరు ఎక్కి నెక్కొండలో దిగాను. సంచిలో చిన్న తాపీ, స్పిరిట్ సీసా, ప్లాస్టిక్ కవర్లు, కూరగాయల అంగడిలో కొన్న థర్మాకోల్ పెట్టె. షేర్ ఆటోలో మోకాళ్ల మీద ఆ పెట్టె పెట్టుకుని కూర్చుంటే, పక్కనున్న ముసలాయన ఐస్‌క్రీము ఎంతకు అమ్ముతానని అడిగాడు. అమ్మనని చెప్పాను.

చేనులో చివరి ఏరుడు నడుస్తోంది. ఆడవాళ్లు వరుసగా వంగి ఉన్నారు. గట్టు మీద ఆగాను. పిలవడానికి మాట దొరకలేదు. కాసేపటికి ఒకావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి, నా వైపు చూసింది.

“ఎవలుల్లా గట్టు మీద, కరెంటు స్తంభం లెక్క?”

ఆ ఇంటి ఇల్లాలని గొంతును బట్టి గుర్తుపట్టాను. చిన్నప్పుడు మా దుకాణానికి భర్త వెంట వచ్చి, గుమ్మం అవతలే నిలబడేది. ఇప్పుడు దగ్గరికి వచ్చి, పైనుంచి కిందిదాకా చూసింది.

“ఓ, చిన్నసేటు! ఏందీ, ఐస్ డబ్బా పట్టుకొచ్చినవ్?” వెనక్కి తిరిగి భర్తను కేకేసింది. “ఓయ్, మీ సేటొచ్చిండు సూడు!”

అతను మోటారు దగ్గర నుంచి గబగబా వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ, “మట్టి ముట్టిందా సేటు? మంచిగున్నదా?” అన్నాడు.

దారి పొడుగునా ఈ ఒక్క ప్రశ్నకే జవాబు కట్టుకుంటూ వచ్చాను. ఒక్కటీ పనికిరాలేదు.

“ముట్టింది. మంచిగనే ఉన్నది. కాని నాకు పనికి రాలేదు.”

“పనికి రాలేదా? జల్లెడ పట్టిన సేటు! రాయి లేకుంట ఏరిన!”

“వాకిలంత నాశనం చేసిండు,” అంది ఆమె. “పిల్లలను తొక్కనియ్యలే. కోళ్లను రానియ్యలే. సేటింటికి పోయేదని.”

“ఎండబెట్టొద్దు. పచ్చిది కావాలె. అందులో సన్న పురుగులుంటయి, ఎండకు చస్తయి. నాకు ఆ పురుగులే కావాలె.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె గొంతు తగ్గించింది.

“మా చేన్ల పురుగులున్నయని చెప్పనీకి గింత దూరం వచ్చినవా? జర మెల్లగ మాట్లాడు, కూలోళ్లు ఇంటే ఊరంత చెప్తరు.”

“చెడ్డవి కావు. అవి వేరే పురుగులను చంపుతయి. వాటి కడుపుల ఇంకొకటి ఉంటది, చంపేది నిజంగ అది. అది ఈ చేన్ల ఉన్నట్టు ఇంకెక్కడా లేదు.”

“పురుగు కడుపుల పురుగు,” అంది ఆమె. “మరి పోయినేడు పూతంత నాకిపోయిన తామర పురుగును ఎందుకు సంపలే? అప్పుడు పండుకున్నదా?”

“అది పూల మీద ఉంటది, ఇది మట్టిల ఉంటది. తామర పురుగు మట్టిలకు దిగినప్పుడు చంపుతదేమో. తెల్వదు.”

“తెల్వకుంటనే గిన్నేండ్ల సంది చదువుతానవా?”

“ఊకోవే,” అన్నాడు భర్త. ఆమె ఊరుకోలేదు.

“ఇంకొకటి అడుగుత సేటు. మీ తాత ఈయన్ను అరేయ్ అనేటోడు. మీ నాయిన ఏమయ్యా అనేటోడు. నువ్వు ఏమీ పిలువకుంటనే మాట్లాడ్తవేంది, బస్సు కండక్టర్ లెక్క?”

“ఏమని పిలువాల్నో తెలియక.”

“కాకా అను. ఊరంత గట్లనే అంటది. పన్నేమన్న పడ్తదా?”

అతను ఇబ్బందిగా నవ్వి నేల చూశాడు. నేను పెట్టె కింద పెట్టాను.

“ఇక్కడ తవ్వుకుంట, కాకా,” అన్నాను. మాట నోట్లో కొత్తగా, కొంచెం అడ్డంగా ఉంది. అతను విననట్టే, “నువ్వెందుకు సేటు, కూలోళ్లను పిలుస్త,” అన్నాడు. నేనే తియ్యాలని, ప్రతిసారీ తాపీని స్పిరిట్‌తో తుడవాలని, ఒకచోటి మట్టి ఇంకోచోటి మట్టికి తగలకూడదని చెప్పాను. ఆ చివరి మాట అతనికి వెంటనే అర్థమైంది. “విత్తనం కలిసిపోయినట్టు,” అన్నాడు.

మొక్క మొదట్లో గొంతుక్కూర్చుని తవ్వాను. మొదటిచోట అయ్యేసరికి నడుం పట్టేసింది. రెండోచోట మోకాలు నేలకు ఆనించక తప్పలేదు. తడిమట్టి ప్యాంటుకు అంటింది. అతను నా పక్కనే నడుస్తూ, కవరు మూతి తెరిచి పట్టుకున్నాడు. బావి వైపు నుంచి తీశాను. అవతలి గట్టు వైపు నుంచి తీశాను. తూర్పు మూలకు పోతుంటే ఆమె దూరం నుంచే అరిచింది, “గా మూలకు వద్దు, మొన్ననే మందు కొట్టినం!” ఆ మూల వదిలేశాను.

“మీ తాత ఈ గట్టు మీదికి ఒక్కనాడు రాలే,” అన్నాడతను, కవరుకు రబ్బరు వేస్తూ. ఎత్తిపొడుపు కాదు. ఊరికే గుర్తుకొచ్చి అన్నట్టుంది.

“రావాల్సిన పని పడలేదు.”

“అవును. మేమే వచ్చేటోళ్లం.”

మంచం వాల్చి కూర్చోమన్నారు. కూర్చున్నాను. టీ ఇచ్చారు. తాగాను. మళ్లీ రైలు దాకా ఎట్లా వచ్చానో సరిగా గుర్తు లేదు. అంత అలసట.

ల్యాబులో ఆ మట్టిని కవరుకొక డబ్బా చొప్పున సర్ది, పురుగులు వదిలాను. కొన్ని నల్లబడి కంపు కొట్టాయి. అవి వేరే రోగంతో చచ్చినవి, తీసి పారేశాను. బావివైపు డబ్బాలో ఒకటి, గట్టువైపు డబ్బాలో రెండు, మెత్తబడకుండా, వాసన లేకుండా, కాల్చిన ఇటుక రంగుకు తిరిగాయి. పట్టపగలే స్టోరు గదిలోకి తీసుకెళ్లి, తలుపు కింద సందుకు గోనెపట్టా అడ్డం పెట్టి, కళ్లు అలవాటుపడేదాకా నిలబడ్డాను. మొదట ఏమీ లేదు. తర్వాత, చూపు కొంచెం పక్కకు పెడితే కనబడేటంత వెలుగు. నేరుగా చూస్తే మాయమవుతోంది. మేడమ్‌ను పిలిచాను. ఆమె కూడా చూపు పక్కకు పెట్టి చూసి, “సార్, ఈసారి సీసాలు రెండు చోట్ల దాచుదాం,” అంది.

బ్యాక్టీరియాను వేరుచేసి, దాని జన్యువును హైదరాబాదులో చదివించాం. బావివైపుది పాత రీడింగుతో అక్షరం పొల్లుపోకుండా కలిసింది. కల్చర్ బ్యాంకు దాన్ని తీసుకుంది. చాప్టర్ నిలబడింది. ఆ మాట విని కుర్చీలో వెనక్కి వాలబోయి, మళ్లీ సర్దుకుని కూర్చున్నాను.

“ఇంకొకటి ఉంది సార్,” అంది మేడమ్, తెర నా వైపు తిప్పి. “గట్టువైపుది చూడండి.”

గట్టువైపుది బావివైపుదానితో కలవలేదు. మిగతా ఊళ్లలో దొరికిన చుట్టాలతోనూ కలవలేదు. ఒకే చేను, కేకేస్తే వినబడేటంత దూరం. అందులో రెండు వేర్వేరు వంశాలు.

“ఈ పొలానికి ప్రత్యేకమైనది అని రాశారు కదా. అది కొట్టేయాలె. ఒక చేనుకు ఒకటి అనుకున్నం, అట్లా కాదన్న మాట. అవతలి చేన్లలో ఏముందో మనకేం తెలుసు? చుట్టూ తియ్యాలె సార్, వాళ్లు దున్నకముందే.” ఆమె ముఖం వెలిగిపోతోంది. “చాప్టర్ ఇప్పుడు ఇంకా బాగుంటది.”

బాగుంటుంది. అది నాకూ తెలుసు. ఆ వాక్యం తెర మీద వెతికి పట్టుకున్నాను. నేను మెచ్చుకుని రాసుకున్న వాక్యం అది. ‘ఈ పొలానికి మాత్రమే’ అన్న ముక్క చెరిపేశాను. మిగిలింది నాలుగు మాటల పొడి వాక్యం. దాన్ని సరిచేయడానికి ఆ రోజు ఓపిక లేకపోయింది.

చుట్టూ చేలు ఎవరెవరివో నాకు తెలియదు. ఒక్కొక్క గట్టు మీదా ఆగి, ఒక్కొక్కరినీ అడగాలి. ఫోను చేశాను. ఆమె ఎత్తింది.

“కాక లేడు, ట్రాక్టరు మాట్లాడనీకి పోయిండు. ఎల్లుండి దున్నుడు. రేపు రా మరి. పక్క చేన్లోళ్లకు నేను చెప్పిపెడ్త, పురుగుల సేటు వస్తాండు, కొట్టకున్లి అని.”

“సరే.”

“ఆగు ఆగు. వచ్చేటప్పుడు మా ఆయనకు బీపీ గోళీలు తీస్కరా. ఈడ దొరుకుతలేవు. పేరు మా మనుమరాలు ఫోన్ల పంపుతది.”

మా ఇంటి మనిషికి ఇట్లా పని చెప్పినవాళ్లు ఇంతకుముందు ఎవరూ లేరు. సరే అన్నాను. పొద్దుటి ప్యాసింజరు వేళకు మందుల దుకాణాలు తెరవవు. అందుకని ఆ సాయంత్రమే మట్టెవాడలో గోళీల పేరు రాసుకున్న చీటీ పట్టుకుని, జనం మధ్య నా వంతు కోసం నిలబడ్డాను.